రాడ్డుకు కట్టిన తువాలు

మా మేనకోడలు ఈ మధ్య బస్సు డిపోలో ట్రాఫిక్ సూపర్‌వైజర్ ట్రెయినింగుకు ఎంపికైంది. స్వీట్ల డబ్బా పట్టుకొని వచ్చి, "మామయ్యా, నేనేం చదువుకోవాలె?" అని అడిగింది. చదవాల్సిన పుస్తకాలు వాళ్లే ఇస్తారు, పరీక్షా వాళ్లే పెడతారు. నాకు తెలిసింది ఆ పుస్తకాల్లో ఉండదు. సరే, చెబుదామని కూర్చుంటే రెండో మాటకే ఫోను తీసింది. అందుకని రాస్తున్నాను. ఇది చదువుతూ మధ్యలో ఫోను చూసుకున్నా నాకు కోపం రాదు, కనబడదు కాబట్టి.

మాది ముదిగొండ పక్క పల్లె. కండక్టరుగా చేరాను, చాలా ఏళ్లు బస్టాండులో కంట్రోలరుగా కూర్చున్నాను, ఆ పైన ఇంకేదో అయి రిటైరయ్యాను. ఏ ప్రమోషను ఎప్పుడొచ్చిందో రాయను, అది మా ఆవిడకే గుర్తులేదు. కంట్రోలరంటే మైకు ముందు కూర్చొని బస్సుల పేర్లు పిలిచేవాడని జనం అనుకుంటారు. ఆ పనిలో సగం, ఏ బస్సును ఎవరి కోసం ఆపాలో, ఎవరిని వదిలేసి పంపాలో తేల్చడం. మిగతా సగం, ఆ తేల్చినందుకు తిట్లు తినడం.

మనుషుల పేర్లూ ఊరి పేరూ మార్చాను. డిపో పేరు రాయను. ఖమ్మం నుంచి భద్రాచలం వైపు అడవి మొదలయ్యే చోట, రైలు స్టేషనూ బస్టాండూ ఎదురెదురుగా ఉన్న ఒక టౌను అనుకుంటే చాలు.

నిలబడి చూడు

నేను కండక్టరుగా ఉన్న రోజుల్లో కూసుమంచి రూటులో ఖాదర్ సాబ్ అని ఒక ఇన్‌స్పెక్టరు ఉండేవారు. పొడుగు మనిషి, మాట కరుకు. ఒక బస్సు టైము మార్చాలన్నా, ఒక స్టాపు తీసెయ్యాలన్నా ఆయన ముందు ఆ బస్సు ఎక్కేవారు. సీట్లు ఖాళీగా ఉన్నా కూర్చునేవారు కాదు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ డ్రైవరు వెనకాల రాడ్డు పట్టుకొని నిలబడేవారు. కొన్నాళ్లకు నన్నూ అట్లాగే నిలబెట్టడం మొదలుపెట్టారు.

"ఎందుకు సాబ్, సీటుంది గద" అన్నాను ఒకసారి.

"కూసుంటే నిద్రపోతవ్ రా. నీ మొఖం జూస్తేనే తెలుస్తంది. నిలబడు" అన్నారు.

ఆయన ఇంతకు మించి ఏ పాఠమూ చెప్పలేదు. కానీ నిలబడితే ఎవరు ఎక్కడ ఎక్కారు, ఎవరు బరువుతో ఎక్కారు, ఎవరు దిగేటప్పుడు రాడ్డు వదలడానికి భయపడ్డారు, అన్నీ కంట్లో పడతాయి. ఆయన పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఖాళీ బస్సు ఎక్కితే నాకు కూర్చోవడానికి కొంచెం సిగ్గేస్తుంది.

దీనికి వ్యతిరేకంగా చేసిన పెద్ద ఆఫీసరును కూడా చూశాను. అడవి అంచు రూట్లు చూస్తానని జీపులో వచ్చాడు. వచ్చిన రోజు సంత. బస్సు టాపు మీద కూడా మనుషులు, కోళ్లు, చింతపండు బుట్టలు. అది చూసి జాలిపడి అక్కడికక్కడే రెండో బస్సు మంజూరు చేశాడు. వారంలో మిగతా రోజులు ఆ రెండో బస్సులో డ్రైవరు, కండక్టరు, ఈగలు తప్ప ఇంకెవరూ లేరు. కొన్నాళ్లకు వసూళ్లు చూసి కోపమొచ్చి రెండు బస్సులూ తీసేశాడు. చెడ్డవాడేమీ కాదు. ఒక్కరోజు చూసి తెలిసిందనుకున్నాడు. ఇట్లాంటి దయగల ఆఫీసర్లు వస్తే, సంతరోజు కాకుండా చూసుకొని రూటు మీదికి తీసుకెళ్లండి.

రైలు ఆగిపోయిన చోట

మా వైపు రైలు పట్టాలు బొగ్గు కోసం వేసినవి. మనుషులు ఆ పట్టాల మీద బొగ్గుతో పాటు పోతుంటారు. భద్రాచలం రోడ్ అని స్టేషను పేరు చూసి దిగి, గోదావరి ఎటువైపని అడిగే యాత్రికులు నాకు రోజూ తగిలేవారు. గోదావరి అక్కడికి ఇంకా ఎంతో దూరం, మధ్యలో బోలెడంత అడవి, ఆ దూరమంతా బస్సే. రైలు ఎక్కడ ఆగిపోతుందో అక్కడ మా ఉద్యోగం మొదలవుతుంది.

రైలు వాళ్లకు వాళ్ల టైంటేబుల్, మాకు మాది. వాళ్లు ప్యాసింజర్ టైము మార్చితే మాకెవరూ చెప్పరు. స్టేషను ముందు టీ కొట్టు ఆయన చెబితే మాకు తెలిసేది. పైగా ఆ లైను మీద బొగ్గు బండిదే పెత్తనం. అది వస్తుంటే ప్యాసింజరును పక్క లైనులో నిలబెడతారు. ఎంతసేపని ఎవరూ చెప్పరు. అందులో కూర్చున్నవాడికి ఒకటే రంది: సాయంత్రం మా ఊరి బస్సు అందుతుందా?

తునికిబండ అని అడవి అంచున ఒక ఊరుంది. దానికి టౌను నుంచి పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. అదే ఆఖరిది. పోయి రాత్రికి ఆ ఊళ్లోనే ఆగి, తెల్లవారి తిరిగి వస్తుంది. అది తప్పిపోతే నడవడానికి దారి లేదు, ఆటోవాడు అడవిలోకి రాడు. ఆ బస్సు చుట్టూ జరిగిందే ఇక చెప్పేదంతా.

సీటు మీద తువాలు

బస్సు కిటికీలోంచి తువాలు విసిరి సీటు పట్టుకోవడం తెలియనివాళ్లు మన దగ్గర లేరు. బస్సు ప్లాట్‌ఫారం మీదికి ఇంకా రానేలేదు, అప్పటికే తువాళ్లు, సంచులు, మంచినీళ్ల సీసాలు లోపల కూర్చొని ఉంటాయి. నేను కండక్టరుగా ఉన్నప్పుడు ఒకాయన ఒక చెప్పు విసిరి, రెండో చెప్పుతో కుంటుకుంటూ వచ్చి కూర్చున్నాడు.

తునికిబండ బస్సులో ఈ అలవాటుకు ఇంకో పనికూడా ఉండేది. ఆ ఊరివాళ్లు పొద్దున బస్సులో టౌనుకు వచ్చి, ఎవరికైనా వరంగల్ పెద్ద దవాఖానాలో పని ఉంటే అక్కడి నుంచి రైలెక్కేవారు. ఎక్కేముందు, సాయంత్రం దాకా టౌనులోనే ఉండే ఊరివాళ్లకు తమ తువాలు ఇచ్చిపోయేవారు. సాయంత్రం బస్సు రాగానే వాళ్లు ఆ తువాలు ఒక సీటు మీద వేసేవారు. బయలుదేరే టైముకు ఖాళీ సీటు మీద తువాలు ఉందంటే, ఆ మనిషి ఇంకా రైల్లో ఉన్నాడని అర్థం. రైలు వచ్చేదాకా బస్సు కదలదు. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు, నేను కంట్రోలరుగా వచ్చేసరికే ఉంది.

అలవాటు మంచిదే. కానీ ఏ మంచి అలవాటునైనా చెడగొట్టే తెలివి మనకుంది. రోడ్డు పక్క ఊళ్లలో కాస్త పలుకుబడి ఉన్న రైతులు టౌనుకు వస్తే వాళ్ల మనిషి ఒకడు ముందొచ్చి అయిదారు తువాళ్లు పరిచేవాడు. వాళ్లు తీరిగ్గా ఎరువుల కొట్టు దగ్గర టీ తాగి వచ్చేవారు. ఒకరోజు చంటిపిల్లతో ఒక తల్లి నిలబడి ఉంది, ఎదురుగా తువాలు పరిచిన సీటు ఖాళీగా ఉంది. ఆమె కూర్చోబోతే గొడవ. ఎవరో ఫోనులో ఫొటో తీసి కొత్తగా వచ్చిన డిపో మేనేజరుకు పంపారు.

మేనేజరు గారిది కోస్తా వైపు. వయసులో నాకంటే చాలా చిన్న. మనిషి నిక్కచ్చి. నన్ను పిలిచి, "జోసఫ్ గారూ, ఏమంటారు?" అని అడిగారు. తువాళ్ల గోల ఆపాల్సిందేనని నేనూ అన్నాను. అన్నందుకు నాకు ఇప్పటికీ విచారం లేదు. మర్నాడే ఉత్తర్వు వచ్చింది. తువాలు వేసినా సీటు నిలబడ్డవాళ్లదే. తువాలు చూసి బస్సు ఆపకూడదు. టైముకు కదలాలి.

రెండో వాక్యం మీద నేను అప్పుడు పెద్దగా ఆలోచించలేదు. ఆలోచించనివ్వకుండా చేసింది ఇంకొకటి కూడా ఉంది. ఆ బస్సులో సారపాక కాగితం మిల్లుకు రాత్రి షిఫ్టు పోయే కాంట్రాక్టు కూలీలు ఎక్కేవారు. టౌను దాటాక అడ్డరోడ్డు దగ్గర దిగి, అక్కడ టౌనులోకి రాకుండా పోయే భద్రాచలం బస్సు పట్టుకొని మిల్లుకు పోవాలి. మా బస్సు ఆలస్యమైతే వాళ్లకు ఆ బస్సు పోతుంది. వాళ్లలో ప్రభుదాసు అనే అతను ఎన్నోసార్లు నా కిటికీ దగ్గరికి వచ్చి మొత్తుకున్నాడు. ఉత్తర్వు వచ్చిన సాయంత్రం అతనే వచ్చి, "వందనాలు సార్. ఇయ్యాల్టికి మా బాధ ఇన్నరు" అని చెయ్యి పట్టుకున్నాడు.

రైలు దిగినవాళ్లు

కొన్నాళ్లు బాగానే గడిచింది. సీట్ల గొడవలు తగ్గాయి. బస్సు టైముకు పోతోంది. తర్వాత ఒకరోజు ప్యాసింజరును ఎక్కడో పక్కన పెట్టారు. బస్సు వెళ్లిపోయింది.

పొద్దున డ్యూటీకి వస్తుంటే స్టేషను మెట్ల మీద లచ్చమ్మ కనిపించింది. తునికిబండ ఆమె. పక్కన మొగుడు సోమయ్య సిమెంటు బెంచీ మీద ముడుచుకొని పడుకున్నాడు. సోమయ్య ఒకప్పుడు మిల్లుకు వెదురు కొట్టే కూలి, గట్టి మనిషి. రెండు కిడ్నీలూ పోయాయి. వారానికి రెండుసార్లు వరంగల్ పోయి మిషను మీద రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఇప్పుడు ఆ మిషన్లు దగ్గర్లోనే వచ్చాయి, అప్పుడు లేవు. బస్సు కుదుపులకు వాంతులవుతాయని రైల్లో పోయేవాడు. మిషను మీద నుంచి లేచినవాడికి నిలబడే శక్తి ఉండదు. అట్లాంటి మనిషి రాత్రంతా ఆ బెంచీ మీదే ఉన్నాడు.

"టీ తాగినవా సారూ?" అని లచ్చమ్మ అడిగింది. నేను వాళ్లిద్దరినీ పొద్దుటి బస్సులో ఎక్కించి పంపాను.

ఆ రూటులో ఎక్కువగా డ్యూటీ చేసే కండక్టరు విజయ. నోరున్న మనిషి, పని వచ్చిన మనిషి. వారం గడిచాక టికెట్ల డబ్బు కట్టడానికి వచ్చి, పని అయ్యాక కూడా పోకుండా నిలబడింది.

"ఏంది విజయా?" అన్నాను.

"సోమయ్య పెద్దయ్య దవాఖానకు పోతలేడు సార్. రెండుసార్లు తప్పిండు."

"పైసల్లేకనా?"

"పైసలు కాదు సార్. దవాఖానల ఊరికెనే చేస్తరు. బస్సు అందదని పోతలేడు. మొఖం వాచింది. మొన్న నేను వాళ్ల వాకిట్ల నిలబడి చూసిన, మాట్లాడితే దమ్మొస్తంది."

మిషను తప్పితే ఆ జబ్బు మనిషిని ఎక్కువ రోజులు ఉంచదని అందరికీ తెలుసు. ఒక మనిషి రైలూ బస్సూ కలవనందుకు చావడానికి సిద్ధపడ్డాడు. ఆ రెంటినీ కలపడానికే నాకు జీతం ఇస్తున్నారు.

తునికిబండలో

మర్నాడు నాకు వారపు సెలవు. పొద్దున దాదాపు ఖాళీగా పోయే బస్సులో తునికిబండ పోయాను, పాత అలవాటు ప్రకారం నిలబడే. సోమయ్య ఇంటి ముందు నులకమంచం మీద దిండ్లకు ఆనుకొని కూర్చున్నాడు. కాళ్లు లావెక్కి మెరుస్తున్నాయి. నన్ను చూసి లేవబోయాడు.

"పోవాలె గద సోమయ్యా. గిట్ల కూసుంటె ఎట్ల?" అన్నాను.

ఆయన ఊపిరి తీసుకుంటూ ఆగి ఆగి చెప్పాడు. "రైల్ల కూసున్న కాన్నుంచి ఒకటే రంది సార్. బస్సు ఉంటదా, పోతదా. బొగ్గు బండికని పక్కకు ఆపిండ్రంటే నా గుండె ఆడ్నే ఆగుతది. మిషను మీద కూడ అదే రంది. ఇంట్ల ఉంటే గా రంది లేదు. పోతే ఈడ్నే పోత."

లచ్చమ్మ గడపలో కూర్చొని వింటోంది. లేచి వచ్చి మంచం పక్కన నిలబడింది. ఆమె మాట్లాడితే వాళ్ల కోయ యాస తెలుగులోకి కొంచెం దిగేది.

"సారూ, సీటు మాకద్దు. ఆ సీటు ఎవరికన్న ఇయ్యుండ్రి. నిలబడి పోతం, కింద కూసోని పోతం. బస్సు మాత్రం పోనియ్యకుండ్రి."

తువాలు అన్నేళ్లుగా రెండు పనులు చేస్తోందని నాకు ఆ వాకిట్లో తెలిసింది. ఒకటి సీటు పట్టడం, రెండోది బస్సును పట్టి ఆపడం. మేము గొడవపడింది మొదటిదాని గురించి. తీసేసింది రెంటినీ.

"ఎల్లుండి పోండ్రి. నేను జూసుకుంట" అని చెప్పి వచ్చాను. ఎట్లా చూసుకుంటానో నాకు తెలియదు. చెప్పకుండా రావడం మాత్రం నా వల్ల కాలేదు.

ముగ్గురి పంచాయితీ

మేనేజరు గారు మొదట ఒప్పుకోలేదు. "మీరేగా ఈ గోల ఆపమన్నది?" అన్నారు.

"అన్న సార్. సీట్ల గోల ఆపాలన్న. రైల్ల ఉన్న రోగిని ఇడిసిపెట్టాలని అనలే."

"ఆయన కోసం ఆపితే మిల్లు వాళ్లు మీ కిటికీ పగలగొడతారు. వాళ్లదీ బతుకే కదండీ."

అది నిజం. నాకు కోపం వచ్చింది, నిజమైనందుకే వచ్చింది. ఆయనే మళ్లీ అన్నారు: "వాళ్లను ఒప్పించండి. వాళ్లు సరేనంటే నేను అడ్డం రాను."

సాయంత్రం బస్సు ప్లాట్‌ఫారం మీద ఉండగా నేనూ విజయా ప్రభుదాసు దగ్గరికి పోయాం. సోమయ్య సంగతి చెప్పాను. అతను విన్నాడు. విని తల వంచుకున్నాడు. అతను అట్లా తల వంచుకోవడం నాకు నచ్చలేదు. అతని దగ్గరికి నేనేదో అడుక్కోవడానికి వచ్చినట్టు, అతను కాదంటే పాపం అతనికి చుట్టుకుంటుందన్నట్టు అయింది.

"మీరు పెద్దోళ్లు సార్, మీరు చెప్తే నేను ఇంట" అన్నాడు. "గని గేటు కాడ సూపర్‌వైజరు ఇనడు గద. లేటైతే ఇంకొకణ్ని లోపలికి పంపిస్తడు. రెండుసార్లయితే మర్రి పిలువడు. మా ఇంట్ల కుండ పొయ్యి మీదికి ఎక్కాలె సార్. ఆయన పాణం ముందల నా పని చిన్నదే. గని నాకు ఉన్నది అదొక్కటే."

డ్రైవరు కిందికి దిగి బీడీ ముట్టిస్తూ మా మాటలు వింటున్నాడు. ప్రభుదాసు అతని వైపు చూసి ఉన్నట్టుండి అడిగాడు.

"అన్నా, అడ్డరోడ్డుకు ఎంతసేపు పడ్తది నీకు?"

"ఎంతసేపు? ఊరు దాటంగనే గద."

"మమ్ముల ఆడ దింపి మర్రి స్టేషనుకు రారాదు? గప్పటికి రైలు ఒస్తది."

విజయ నా ముఖం చూసింది. నేను డ్రైవరు ముఖం చూశాను. "నాకేంది సార్" అన్నాడతను, "ఎప్పుడు పోయినా ఆ ఊర్లె పండుడే గద."

ఇంత చిన్న సంగతి నా బుర్రకు ఎందుకు తట్టలేదంటే, బస్సు ఒకసారి బయలుదేరితే ముందుకే పోవాలని అన్నేళ్ల కంట్రోలరు ఉద్యోగం నాకు నేర్పింది. ఎదురు చూడాలా, పోవాలా అని మాత్రమే నేను ఆలోచించాను. పోయి రావడం మా పద్ధతిలో లేదు. ఆ మాట తన పని పోతుందన్న భయం ఉన్నవాడి నోటి నుంచి రావాల్సి వచ్చింది.

నేనూ విజయా పోయి చెబితే మేనేజరు గారు డీజిలు గురించి కొంచెం గొణిగారు. తర్వాత, "రోజూ అయితే కుదరదు. రైల్లో మనిషి ఉన్న రోజే. అది ఎట్లా తెలుస్తుంది మీకు?" అన్నారు.

"తువాలుంది గద సార్" అంది విజయ.

ఆయన నవ్వారు. ఆయన నవ్వడం నేను అప్పుడే చూశాను.

రాడ్డుకు ముడి

పద్ధతి ఇట్లా పెట్టుకున్నాం. రైలెక్కే మనిషి పొద్దున తన తువాలు నా కిటికీ దగ్గర ఇస్తాడు. సాయంత్రం నేను దాన్ని కండక్టరుకు ఇస్తాను. కండక్టరు దాన్ని ఎక్కే తలుపు పక్కన నిలువు రాడ్డుకు కడుతుంది. సీటు మీద వెయ్యకూడదు. ఎంతమంది రైల్లో ఉన్నా ఒక్క తువాలే. అది కట్టి ఉంటే బస్సు టైముకు కదిలి, మిల్లువాళ్లను అడ్డరోడ్డులో దింపి, స్టేషనుకు తిరిగి రావాలి. రైలు దిగిన మనిషి ఎక్కి తువాలు విప్పుకున్నాకే తునికిబండ దారి పట్టాలి.

మొదటి రోజు పొద్దున లచ్చమ్మ సోమయ్యను దాదాపు మోసుకుంటూ దింపింది. ఎర్ర గళ్ల తువాలు కిటికీలోంచి నాకిచ్చి ఆయన నా ముఖంలోకి చూశాడు. నమ్మకం లేని చూపు. నాకు బాధేసింది, కానీ నమ్మమని అడిగే ముఖం నాకు లేదు.

సాయంత్రం టైముకు బస్సు కదిలింది. నేను కూడా ఎక్కాను. అడ్డరోడ్డులో భద్రాచలం బస్సు ఇంకా రాలేదు. మిల్లువాళ్లు దిగారు. ప్రభుదాసు డ్రైవరు వైపు వెళ్లి తలుపు మీద చరిచి, "జల్దీ పో అన్నా, రైలు ఒస్తది" అన్నాడు. ఊరివాళ్లు కొందరు "మేం ఈడ్నే ఉంటం, మర్రొచ్చేటప్పుడు ఎక్కించుకో" అని మిర్చిబజ్జీల బండి దగ్గర దిగిపోయారు. ఆ బండి తర్వాత హోటలైంది. దాని యజమాని నాకు ఇప్పటికీ డబ్బు తీసుకోకుండా టీ ఇస్తాడు, వద్దన్నా వినడు.

స్టేషనుకు వచ్చాం. రైలు రాలేదు. బస్సులో మిగిలినవాళ్లు కిటికీల్లోంచి పట్టాల వైపే చూస్తున్నారు. విసుక్కున్నవాళ్లు లేకపోలేదు. ఒక పెద్దమనిషి, "ఒక్కడి కోసం గింతమంది కూసోవాల్నా?" అన్నాడు. విజయ టికెట్ మిషను సర్దుకుంటూ, "మీ ఇంటోళ్లు రైల్ల ఉన్నప్పుడు కూడ గిట్లనే కూసుంటం" అంది. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

రైలు వచ్చింది. జనం వెనకాల, అందరికంటే చివర, లచ్చమ్మ భుజం పట్టుకొని సోమయ్య వస్తున్నాడు. మెట్ల మీద ఆగి రోడ్డు వైపు చూశాడు. బస్సు కనిపించగానే ఆయన నడక తొందరయింది. తొందర పడొద్దని లచ్చమ్మ కసురుతోంది. ఫుట్‌బోర్డు ఎక్కి రాడ్డు పట్టుకున్నాడు. ముడి విప్పుకొని తువాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఇందాక విసుక్కున్న పెద్దమనిషే లేచి సీటిచ్చాడు. నిలబడి పోతామన్న మాటకు కట్టుబడి లచ్చమ్మ మాత్రం తునికిబండ దాకా నిలబడే పోయింది.

నేను బస్టాండులో దిగి నా గదిలోకి పోయి తలుపు వేసుకొని కాసేపు ఏడ్చాను. ఎందుకు ఏడ్చానో అంత బాగా తెలియదు. సంతోషమే అనుకుంటాను.

కొత్తవాళ్లకు

సోమయ్య ఆ తర్వాత ఇంకా కొన్నేళ్లు బతికాడు. మనవరాలి పెళ్లి చూశాడు. పోయింది మాత్రం తను అనుకున్నట్టే ఇంట్లో, ఆ నులకమంచం మీదే. దినాలు అయ్యాక లచ్చమ్మ పొద్దుటి బస్సులో వచ్చి ఎర్ర గళ్ల తువాలు ఉతికి మడిచి నా కిటికీలో పెట్టింది.

"ఇది నీ దగ్గర ఉంచుకో లచ్చమ్మా" అన్నాను.

"నాకెందుకు సారూ? రైలుకు పోయెటోళ్లు ఇంక ఉంటరు గద. తువాలు లేనోళ్లు ఒస్తే కట్టుండ్రి" అని టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

కొత్తగా ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది కొంచెమే. మీ టైంటేబుల్ రైలు టైంటేబుల్‌ను చూడదు, మీరు చూడాలి. ఒక అలవాటును ఆపేముందు అది ఎన్ని పనులు చేస్తోందో కనుక్కోండి. ఇద్దరి అవసరాలు ఢీకొంటే ఇద్దరినీ ఒకచోట నిలబెట్టి మాట్లాడనివ్వండి. మీకు తెలివుందని మీరే తీర్పు చెప్పకండి. ఇంకొకటి, మేనేజర్లందరూ మూర్ఖులని బస్టాండు క్యాంటీనులో చెప్పుకోవడం హాయిగా ఉంటుంది కానీ, నిజం కాదు. నిజమైన సందర్భాలు కూడా కొన్ని ఉన్నాయి, అవి రాయను.

మొన్న ఆ దారిలో అడ్డరోడ్డు దగ్గర ఒక ప్రార్థన కూటానికి పోవాల్సి వచ్చింది. సాయంత్రం తునికిబండ బస్సే ఎక్కాను. ఇప్పుడు ఆడవాళ్లకు టికెట్టు లేదు కాబట్టి బస్సు కిటకిటలాడుతోంది. నా తెల్ల జుట్టు చూసి ఒకామె జరిగి సీటిచ్చింది. వయసు కదా, ఈసారికి ఖాదర్ సాబ్ క్షమిస్తారని కూర్చున్నాను. తలుపు పక్క రాడ్డుకు నీలి రంగు తువాలు ఒకటి కట్టి ఉంది. కండక్టరు కొత్త అమ్మాయి, నన్ను ఎరగదు.

"అది ఎవరిదమ్మా?" అని అడిగాను.

"ఎవరిదో తెల్వదు సార్. రైల్ల మన బస్సోళ్లు ఉన్నరంటే కడ్తం. అది ఉంటే అడ్డరోడ్డు కాంచి మర్రి స్టేషనుకు పోవాలె."

"రూలా?"

"రూలేం లేదు సార్. గీ బస్సుకు గంతే."

అడ్డరోడ్డు వచ్చింది. మిల్లువాళ్లు దిగారు. నేను దిగాల్సిందీ అక్కడే. దిగలేదు.

"సార్, మీ స్టాపు" అంది ఆ అమ్మాయి.

"మర్రొచ్చేటప్పుడు దిగుత" అన్నాను.

బస్సు తిరిగి స్టేషను ముందుకు వచ్చి ఆగింది. కాసేపటికి రైలు వచ్చింది. చంకలో పిల్ల, చేతిలో దవాఖానా కవరుతో ఒకామె రోడ్డు దాటి పరుగున వచ్చి ఎక్కింది. రొప్పుతోంది.

"పోయిందనుకున్న అక్కా" అంది.

"ఎట్ల పోతది? తువాలు కట్టి ఉంది గద" అంది కండక్టరు.

ఆమె ముడి విప్పుకుంది. నేను లేచి ఆమెకు సీటిచ్చి, రాడ్డు పట్టుకొని నిలబడ్డాను.